ఇరవై మూడో టోపీ

బస్సులో ఇరవై మూడు పసుపు టోపీలున్నాయి.

ఉండాల్సినవి ఇరవై రెండు.

జైలరు డ్రైవరు పక్కన నిలబడి, అద్దంలోంచి వెనక్కి చూస్తూ మళ్లీ లెక్కపెట్టాడు. కుడి వరసలో పదకొండు. ఎడమ వరసలో పది. చివరి సీటులో కునుకు తీస్తున్నది ఒకటి. తన నెత్తి మీదిది ఒకటి. మొత్తం ఇరవై మూడు.

పొద్దున ఏడింటికి కాలనీ గేటు దగ్గర బయల్దేరినప్పుడు లెక్క సరిగ్గానే ఉంది. తొమ్మిదింటికి హైవే పక్కన టీ కోసం ఆపారు. అందరూ దిగారు, తాగారు, ఎక్కారు. ఆ పావుగంటలో ఒక మనిషి పెరిగాడు.

లెక్క ఒకటి తగ్గితే ఏం చెయ్యాలో అతన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. గేట్లు మూయాలి. గంట కొట్టాలి. ఎక్కడివాళ్లని అక్కడే నిలబెట్టి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలి. ఒకటి ఎక్కువైతే ఏం చెయ్యాలో మాత్రం ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. జైల్లోకి దొంగచాటుగా దూరినవాడు ఇంతవరకూ ఎవడూ లేడు.

"ఏమండీ, పెదాలు కదులుతున్నాయి," అంది ముందు సీటులోంచి అతని భార్య.

"పాట పాడుకుంటున్నాను."

"ఇరవై ఒకటి, ఇరవై రెండు అనే పాట నేనెక్కడా వినలేదు."

జైలరు నోరు మూసుకున్నాడు. నిజానికి అతను జైలరు కూడా కాదు. ముప్పై నాలుగేళ్లు వార్డరుగా చేసి, చీఫ్ వార్డరుగా రిటైరయ్యాడు. కాలనీ వాళ్లకి అంత తేడా పట్టలేదు. ఇల్లు మారి వచ్చిన మొదటి రోజే ఎవరో "జైలరు గారూ" అన్నారు. అదే స్థిరపడిపోయింది.

అతను ఇంటికి తెచ్చుకున్న ఆస్తి ఒకటే: సర్వీసు మొత్తంలో ఒక్క లెక్కా తప్పలేదన్న మాట. పక్క బ్లాకుల్లో తప్పింది. గోడలు దూకినవాళ్లున్నారు, బట్టల మూటల్లో దాక్కున్నవాళ్లున్నారు. అతని కాపలాలో ఎప్పుడూ లేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తలలు లెక్కపెట్టి, అంకె రాసి, సంతకం పెట్టాడు. ఆ అంకె కుదిరేదాకా గొంతు దిగని కాఫీలు, చల్లారిపోయిన భోజనాలు ఎన్నో అతనికే తెలియదు.

రిటైరై అయిదు నెలలైంది. మొదటి నెలలో మొక్కలకి రోజుకి మూడుసార్లు నీళ్లు పోశాడు. రెండు మొక్కలు మునిగి చచ్చిపోయాయి. అతని భార్య సైన్సు టీచరుగా రెండేళ్ల ముందే రిటైరై, అరవయ్యో ఏట ఈత నేర్చుకుంటోంది. నాలుగో నెలలో ఒకరోజు తడి జుట్టు తుడుచుకుంటూ వచ్చి, "ఆ గులాబీని వదిలెయ్యండి. అది ఎక్కడికీ పారిపోదు," అంది.

ఆ మర్నాడే ఆమె కాలనీ రిటైర్డ్ ఉద్యోగుల సంఘం కార్యదర్శిని కలిసింది. ఆయన పాత పోస్ట్‌మాస్టరు. నెలకోసారి సంఘం వాళ్లు పసుపు టోపీలు పెట్టుకుని బస్సులో ఊరి బయటికి వెళ్లొస్తారు. ఆ ప్రయాణానికి ఇన్‌చార్జిగా జైలర్ని వేశారు. ఒక అట్ట, దానికి క్లిప్పుతో బిగించిన పేర్ల జాబితా, దారంతో కట్టిన పెన్ను అతని చేతికొచ్చాయి. ఆ రాత్రి రిటైరయ్యాక మొదటిసారి హాయిగా నిద్రపోయాడు.

పోయిన నెల మొదటి ప్రయాణంలో నాలుగుసార్లు బస్సు ఆపి హాజరు పిలిచాడు. నాలుగోసారి, ఎనభై ఏళ్ల కోర్టు గుమాస్తా హోటల్ మరుగుదొడ్డిలోంచి "ప్రెజెంట్ సార్" అని అరవాల్సి వచ్చింది. ఆయన బయటికొచ్చి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాడు.

ఇవాళ పొద్దున బస్సెక్కే ముందు పోస్ట్‌మాస్టరు అతన్ని పక్కకి పిలిచాడు.

"చూడండి జైలరు గారూ. బయల్దేరేటప్పుడు ఒకసారి లెక్కపెట్టుకోండి. అంతే. దారిలో బస్సు ఆపినా, పేర్లు పిలిచినా, వచ్చే నెల నుంచి ఈ అట్ట దర్జీ గారి చేతికి వెళ్తుంది."

"దర్జీ గారికి లెక్కలు రావు."

"అందుకే అందరూ ఆయన్నే అడుగుతున్నారు."

కాబట్టి ఇప్పుడు అరవడానికి లేదు. ఆపడానికి లేదు. ఇరవై మూడో మనిషెవరో చడీచప్పుడు లేకుండా పట్టుకోవాలి. పట్టుకోకపోతే ముప్పై నాలుగేళ్ల పేరు పోతుంది. గోల చేస్తే చేతిలో అట్ట పోతుంది. అట్ట పోతే రేపట్నుంచి మళ్లీ గులాబీలే.

బస్సు జలాశయం పక్కనున్న తోట ముందు ఆగింది. జైలరు మెట్టు దగ్గర నిలబడి, ఒక్కొక్కరికీ మోచెయ్యి పట్టి దింపాడు. మర్యాదకి మర్యాద, లెక్కకి లెక్క.

"ఏంటి జైలరు గారూ, జేబులు కూడా తడుముతారా?" అన్నాడు దర్జీ.

"మెట్టు ఎత్తుగా ఉంది. పడతారని."

"నలభై ఏళ్లు మెడలో టేపుతో మనుషుల్ని కొలిచాను. మీ చూపు నాకు తెలీదా? ఛాతీ నలభై, నడుము నలభై రెండు. రాసుకోండి."

ఇరవై రెండు మోచేతులు దిగాయి. తనతో ఇరవై మూడు. అనుమానం లేదు.

కాలనీలో మూడు బ్లాకులున్నాయి. సంఘంలో సగం మంది మొహాలు అతనికింకా తెలియవు. ఆడవాళ్లు తొమ్మిది మంది. వాళ్లని అతని భార్య పేరుపేరునా పలకరించింది కాబట్టి వదిలెయ్యొచ్చు. మగవాళ్లలో అతను ఎరగనివాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో ఒకడు ఎవడో పరాయివాడు. ఎందుకెక్కాడు? చేతిసంచులున్నాయి, గొలుసులున్నాయి, చెవులు సరిగ్గా వినపడనివాళ్లున్నారు. దొంగకి ఇంతకన్నా మంచి బస్సు దొరకదు.

గంటన్నర సేపు అతను తోటలో ఆ ఆరుగురి వెనకే తిరిగాడు. వాళ్లు పూలు చూశారు. అతను వాళ్లని చూశాడు. ఒకాయన బాతులకి రొట్టెముక్కలు వేశాడు. ఇద్దరు తమ తమ మోకాళ్ల ఆపరేషన్ల గురించి పోటీలు పడ్డారు. ఒకాయన చెట్టుకింద భూతద్దంతో వార్తాపత్రిక చదివాడు. ఒకాయన ఫోనులో మనవరాలికి కథ చెప్పాడు. నీలం చొక్కా వేసుకున్న ఆరో ఆయన నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎవరి సంచి మీదా ఎవరి చెయ్యీ పడలేదు.

కాకపోతే నీలం చొక్కా గంటలో పధ్నాలుగుసార్లు చేతి గడియారం చూసుకున్నాడు.

మధ్యాహ్నం చెట్ల నీడలో దుప్పట్లు పరిచి భోజనం పొట్లాలు పంచారు. రిటైరైనవాళ్లు భోంచేయడం చూడాలంటే తీరిక ఉండాలి. ముందు ఎక్కడ కూర్చోవాలన్నది చర్చ. తర్వాత ఎవరి పొట్లంలో ఏముందన్నది పరిశీలన. ఒకరి కూర ఇంకొకరికి, ఒకరి పచ్చడి ఇంకొకరికి. ఒక ముద్ద, ఒక కబురు. మధ్యలో మాత్రలు ఎవరివి ఎవరివో వెతుకులాట. పొట్లం విప్పిన నలభై నిమిషాలకి కూడా సగం మంది సగంలోనే ఉన్నారు.

నీలం చొక్కా భోజనం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

జైలరు గడియారం పెట్టుకుని మరీ చూశాడు. మనిషి పొట్లం వైపు చూడలేదు, పక్కవాళ్ల వైపు చూడలేదు. తిన్నాడు, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, చెయ్యి తుడుచుకున్నాడు. ఇక చెయ్యడానికేమీ లేక మోకాలు ఆడిస్తూ కూర్చున్నాడు. జైల్లో అలా తినేది రెండు రకాల వాళ్లు: నిన్న వచ్చిన ఖైదీలు, డ్యూటీలో ఉన్న వార్డర్లు.

అనుమానం చాలదు. రుజువు కావాలి. జైలరు నీళ్ల గ్లాసు తీసుకుని, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"అవునూ, ఇవాళ ఏం వారం?"

దుప్పటి మీద చేతులన్నీ ఆగాయి.

"మంగళవారం," అన్నాడు దర్జీ.

"మంగళవారం నిన్న. నిన్నే కదా మా బ్లాకులో నీళ్లు రాలేదు," అన్నాడు బాతుల ఆయన.

"నీళ్లు రానిది మొన్న. నిన్న రానిది కరెంటు."

"గురువారం," అన్నాడు కోర్టు గుమాస్తా గట్టిగా. "గురువారం నేను గడ్డం గీసుకోను. కావాలంటే చూడండి."

"బాబాయ్ గారూ, మీరు ఏ వారం గీసుకున్నారు గనక," అంది జైలరు భార్య.

"ఏ వారమైతే ఏంటి నాయనా," అంది నర్సమ్మ. ఆవిడ పెద్దాసుపత్రిలో ముప్పై ఎనిమిదేళ్లు రాత్రీ పగలూ చేసి, ఇప్పుడు పొద్దున తొమ్మిదిదాకా నిద్రపోవడమే తన ఉద్యోగమని చెప్పుకునే మనిషి. "ఎవరైనా డ్యూటీ చార్టు వేశారా? ఆదివారం అనుకుని తినండి."

"బుధవారం," అన్నాడు నీలం చొక్కా, తలెత్తకుండా. "ఇరవై ఏడో తేదీ. నెలాఖరుకి ఇంకా రెండే పనిదినాలున్నాయి."

 వెంటనే అందరూ ఒకేసారి మాట్లాడారు. నర్సమ్మ పళ్లు తెమ్మంది. దర్జీ లేచి శ్రుతి లేని పాటొకటి అందుకున్నాడు. భూతద్దం ఆయన ఇవాళ ఎండ బాగా కాస్తోందని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. పోస్ట్‌మాస్టరు తన చెప్పుల్లోకి చూసుకున్నాడు.

జైలరుకి అర్థమైంది. బస్సంతా కుమ్మక్కు.

"లేవండి," అన్నాడు నీలం చొక్కాతో. "అలా నీళ్ల దాకా నడిచొద్దాం."

ఇద్దరూ గట్టు మీద సిమెంటు బెంచీ దగ్గరికి వెళ్లారు. దగ్గర్నుంచి చూస్తే మనిషికి యాభై కూడా ఉండవు. కళ్లకింద నల్లటి గుంటలు. కాళ్లకి మెరుగుపెట్టిన నల్ల బూట్లు, లేసులు బిగించి రెండేసి ముళ్లు.

"ఎప్పుడు పట్టుకున్నారు?" అన్నాడు ఆయన.

"తిన్నప్పుడు అనుమానం. వారం చెప్పినప్పుడు రుజువు. ఎవరు మీరు?"

"గాజు సీసాల ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్ని." ఆయన కూర్చున్నాడు. "మా కొలిమి ఒకసారి వెలిగిస్తే ఆర్పడానికి ఉండదు. ఆర్పితే లోపల గాజంతా గడ్డకడుతుంది. పదమూడేళ్లుగా అది ఆరలేదు. నేనూ ఆరలేదు."

"బస్సెందుకు ఎక్కారు?"

"నాలుగింటికి హెడ్డాఫీసులో మీటింగు. పదకొండు వేల సీసాల్లో బుడగలు వచ్చాయి. ఎందుకొచ్చాయో చెప్పాలి. నాకు తెలుసు. మనుషులు తక్కువ, గంటలు ఎక్కువ. పోయిన నెలా అదే చెప్పాను. అంతకుముందు నెలా అదే. పొద్దున ఆరు నుంచి టీ కొట్టు దాకా నలభై ఒక్క ఫోన్లు వచ్చాయి. మా అసిస్టెంటు మేనేజరు కార్లో కూర్చుని ఇంకో ఫోన్లో మాట్లాడుతున్నారు. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. నర్సమ్మ గారు వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నారు. 'ఇంకా ఇక్కడే నిలబడ్డావేం నాయనా, బస్సు కదుల్తోంది' అన్నారు. సంచిలో మిగిలిన టోపీ తీసి నెత్తిన పెట్టారు. నేను మీ మనిషిని కాదని చెబుదామనే నోరు తెరిచానండీ. ఎక్కేశాను."

"తెలిశాక దిగొచ్చుగా."

"చివరి సీటు ఖాళీగా ఉంది. బాగానే ఉన్నాను, వెతకొద్దు అని ఆఫీసుకి మెసేజ్ పెట్టి ఫోను ఆపేశాను. కూర్చోగానే నిద్రపట్టింది. లేచేసరికి నా మీద ఎవరిదో శాలువా ఉంది. పగలు నిద్రపోయి ఎన్నేళ్లయిందో నాకు గుర్తులేదు."

అద్దంలో కనిపించిన కునుకు ఇదన్నమాట. జైలరు అట్టని చంకలోంచి తీసి బెంచీ మీద పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు.

"జాబితాలో లేని మనిషిని బస్సులో తీసుకెళ్లడం కుదరదండీ."

"తెలుసు. మీ పద్ధతి మీది." నీలం చొక్కా నీళ్లకేసి చూశాడు. "ఒక్క గంట ఇక్కడ కూర్చోనివ్వండి. తర్వాత మీరే గేటు దగ్గర దింపెయ్యండి. కాదనను."

పక్క బ్లాకుల్లోంచి పారిపోయినవాళ్లని జైలరు చాలామందిని పట్టుకుని వెనక్కి తెచ్చాడు. పట్టుబడ్డ ప్రతివాడూ కొంచెం టైము అడిగాడు. ఒకడు చెరువులో మునిగి వస్తానన్నాడు. ఒకడు బీడీ పూర్తి చేస్తానన్నాడు. ఒక్కడికి కూడా ఇవ్వలేదు. ఇస్తే పై నుంచి మెమో వస్తుంది. మెమో వస్తే ప్రమోషను ఆగుతుంది. ఇవాళ మెమో ఇచ్చేవాడెవడా అని చుట్టూ చూశాడు. బాతులున్నాయి.

"గంట అంటే గంటే," అన్నాడు.

కాపలాకి పక్కనే కూర్చున్నాడు. నీలం చొక్కా చిన్న పెంకు ఏరి నీళ్ల మీదికి విసిరాడు. అది రెండుసార్లు ఎగిరి మునిగింది. రెండో పెంకు ఒక్క గెంతుకే మునిగింది.

"మణికట్టు అలా కాదు," అన్నాడు జైలరు ఉండబట్టలేక. "పడుకోబెట్టి విసరాలి. ఇలా ఇవ్వండి."

అతనిది నాలుగుసార్లు ఎగిరింది. ఆ తర్వాత ఇద్దరూ గడియారం చూసుకోలేదు. జైలరుది ఏడు గెంతులకి వెళ్లినప్పుడు వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. పోస్ట్‌మాస్టరు.

"కనిపెట్టేశారా?"

"మీకు ముందే తెలుసా?"

"టీ కొట్టు దగ్గర్నుంచే. అందరికీ తెలుసు. మీ ఆవిడకి కూడా."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే దింపేస్తారు కదా." పోస్ట్‌మాస్టరు ఇబ్బందిగా నవ్వాడు. "మీరు మంచివారే జైలరు గారూ. ఆ అట్ట పట్టుకుంటేనే కొంచెం భయం."

 ఈ మాట పెంకులా ఎగిరి పోలేదు. లోపలికి దిగింది.

మూడింటికి అందరూ బస్సెక్కుతున్నారు. నీలం చొక్కాని గేటు దగ్గర దింపాలా వద్దా అన్నది జైలరు ఇంకా తేల్చుకోలేదు. ఆయన మిగతావాళ్లతో కలిసి ఎక్కేశాడు. అప్పుడే తోట గేటులోంచి తెల్ల కారొకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి బస్సు ముందు అడ్డంగా ఆగింది.

అందులోంచి నలభై అయిదేళ్ల ఆవిడ దిగింది. చంకలో ఫైలు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. అసిస్టెంటు మేనేజరని వేరే చెప్పక్కర్లేదు. కళ్లకింద అవే గుంటలు.

"ఈ బస్సుకి ఇన్‌చార్జి ఎవరండీ?"

జైలరు మెట్టు మీంచి నేల మీదికి దిగాడు. "నేనే."

"మా మేనేజరు గారు పొద్దున టీ కొట్టు దగ్గర కనిపించకుండా పోయారు. పసుపు టోపీల బస్సు ఎక్కినట్టు టీ కొట్టాయన చెప్పాడు. ఆరు పార్కులు వెతికాను. నీలం చొక్కా, యాభై లోపు వయసు. మీ బస్సులో ఉన్నారా?"

 కిటికీల్లో ఇరవై పైచిలుకు కళ్లజోళ్లు జైలరు మీదే నిలిచాయి.

అవునంటే చాలు. మనిషి దిగుతాడు. లెక్క ఇరవై రెండుకి వస్తుంది. పోస్ట్‌మాస్టరు వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు. ముప్పై నాలుగేళ్ల మీద మచ్చ పడదు, అట్ట చేతిలోనే ఉంటుంది. ఇంత తేలికైన లెక్క సర్వీసులో ఎప్పుడూ తగల్లేదు.

జైలరు గొంతు సవరించుకున్నాడు.

"మా పద్ధతి వేరమ్మా. మాటల మీద నడవదు. ఇదిగో జాబితా. ఎన్ని పేర్లున్నాయి?"

ఆమె చూసింది. "ఇరవై రెండు."

"మెట్టెక్కి తలలు మీరే లెక్కపెట్టుకోండి. ఎక్కువుంటే మీవాడు."

చెప్పి, నేల మీదే నిలబడిపోయాడు.

లెక్కపెట్టేవాడు లెక్కలో ఉండడు. జైలు గేటులో కొత్త వార్డరుకి మొదటిరోజు నేర్పే పాఠం అదే. ఆ జాబితాలో పదిహేడో పేరు తనదేనని ఆమెకెలా తెలుస్తుంది? కానీ తప్పు లెక్క ఒప్పని చూపించడం అతని జన్మలో ఇదే మొదలు.  ఎక్కడో గంట మోగుతుందని చెవులు ఎదురుచూశాయి.

ఆమె మెట్టెక్కి వేలితో లెక్కపెట్టింది. చివరి సీటులో, నర్సమ్మ భుజం మీద ఒక టోపీ వాలిపోయి ఉంది. మెడ దాకా శాలువా, మొహం మీద భూతద్దం ఆయన వార్తాపత్రిక.

"ఆయనకేమైంది?"

"దగ్గమ్మా, దగ్గు," అంది నర్సమ్మ. "అంటుకునే రకం. ముప్పై ఎనిమిదేళ్లు చూశాను ఇలాంటి కేసుల్ని. నువ్వు దూరంగా ఉండు తల్లీ."

వార్తాపత్రిక కిందనుంచి ఆలస్యంగా ఒక దగ్గు వినిపించింది. అంత చెత్త దగ్గు జైల్లో ఆసుపత్రికి పోవడానికి కూడా ఎవడూ దగ్గలేదు.

ఆమె రెండోసారి లెక్కపెట్టింది. వేలు చివరి సీటు దగ్గర ఆగింది. చూపు కిందికి జారింది. శాలువా అంచు కింద, అన్ని చెప్పుల మధ్యా, మెరుగుపెట్టిన నల్ల బూట్లు రెండు. లేసులకి రెండేసి ముళ్లు.

చాలాసేపు చూసింది. ఆమె చేతిలో ఒక ఫోను మోగింది. ఎత్తలేదు. మోగి మోగి ఆగింది.

"ఇరవై రెండు," అంది. "సరిపోయింది."

మెట్టు దిగి జాబితా జైలరుకి ఇచ్చింది. బస్సంతటికీ వినిపించేలా గొంతు పెంచింది. "దారిలో మా సార్ కనిపిస్తే ఒకమాట చెప్పండి. బుడగల సంగతి ఇవాళ నేనే చెబుతాను. ఆయనకన్నా నేనే గట్టిగా చెబుతాను. వచ్చే నెల నా వంతు. నాకో టోపీ అట్టిపెట్టమనండి."

కారెక్కబోతూ ఆగి తిరిగింది. "ఆ బూట్లు కూడా విప్పుకోమనండి."

తెల్ల కారు వెళ్లిపోయింది. బస్సులో నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. కోర్టు గుమాస్తాకి పొలమారితే, నర్సమ్మ ఆయన వీపు మీద చరచాల్సి వచ్చింది. జైలరు భార్య కిటికీలోంచి వంగి అతన్ని చూసింది.

"ఏమండీ, ఎక్కరా? మొహం అలా తెల్లబోయిందేం?"

"గంట మోగలేదు," అన్నాడు జైలరు.

"ఏ గంట?"

"ఏ గంటా."

బస్సు కదిలింది. పోస్ట్‌మాస్టరు సంఘం రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీశాడు. "రాసెయ్యమంటారా? తిరుగు ప్రయాణం, ఇరవై రెండు."

"ఇరవై మూడు."

"జాబితాలో ఇరవై రెండేగా."

"ఇరవై మూడని రాయండి. పక్కన లెక్క తప్పింది అని రాయండి. కింద నేను సంతకం పెడతాను."

పోస్ట్‌మాస్టరు రాశాడు. జైలరు సంతకం పెట్టాడు. సర్వీసు మొత్తంలో ఏ సంతకమూ అంత పెద్ద అక్షరాలతో పెట్టలేదు. తర్వాత అట్ట తీసి దర్జీ ఒళ్లో పెట్టాడు.

"ఇదేంటి," అన్నాడు దర్జీ కంగారుగా. "నాకు లెక్కలు రావు."

"తెలుసు. అందుకే."

నీలం చొక్కా వచ్చి పక్కన కూర్చున్నాడు. కాళ్లకి బూట్లు లేవు. మేజోళ్లలోంచి బొటనవేలు ఒకటి బయటికి చూస్తోంది.

"ఇంకా ఎన్నేళ్లుంది మీకు?" అన్నాడు జైలరు.

"పదకొండు."

"సత్ప్రవర్తన చూపిస్తే తగ్గిస్తారు."

"మా దగ్గర సత్ప్రవర్తన చూపిస్తే పెంచుతారండీ."

ఇద్దరూ నవ్వుకున్నారు. కాసేపటికి నీలం చొక్కా నవ్వు తగ్గింది. "రేపు ఆఫీసులో ఏం చెప్పను?"

"నిజం చెప్పండి. ఒక్కడూ నమ్మడు."

ఊరు ఇంకా గంట దూరంలో ఉందనగా, రోడ్డు పక్క పుచ్చకాయల రాశి ముందు డ్రైవరు బస్సు ఆపాడు. పదినిమిషాలన్నాడు. అందరూ దిగారు, కొన్నారు, ఎక్కారు. దర్జీ మెట్టు దగ్గర నిలబడి, అట్ట తలకిందులుగా పట్టుకుని, వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మొదటిసారి పంతొమ్మిది వచ్చింది. రెండోసారి ఇరవై ఆరు. మూడోసారి అందరూ కలిసి పైకి లెక్కపెట్టి సాయం చేస్తే ఇరవై రెండు తేలింది.

"ఒకరు తగ్గారు," అన్నాడు దర్జీ హడలిపోయి. "ఎవరది?"

డ్రైవరు హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

పుచ్చకాయల రాశి వెనక జైలరు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని, వేలితో తట్టి, చప్పుడు వింటున్నాడు.

"ఏమండీ, మీకోసమే ఆగాం," అని కిటికీలోంచి కేకేసింది భార్య. "ఇరవై రెండు మంది ఎదురుచూస్తున్నారు."

"చూడనీ," అని అతను ఇంకో కాయ అందుకున్నాడు.